తండ్రి 625, కొడుకు 47: ఇగిన్లాలని ఏ వయసు దగ్గర పోల్చాలి?

టిజ్ ఇగిన్లా గురించి ఎక్కడ మాట మొదలైనా రెండో వాక్యంలోకి వాళ్ల నాన్న వచ్చేస్తాడు. రాకుండా ఎలా ఉంటాడు! జెరోమ్ ఇగిన్లా అంటే ఐస్ హాకీలో చిన్న పేరేం కాదు. ఉత్తర అమెరికా పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో 1,554 మ్యాచులు, 625 గోల్స్, 675 అసిస్టులు (గోల్‌కి అందించిన పాసులు), కెనడా తరఫున రెండు ఒలింపిక్ స్వర్ణాలు, 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపిక. కొడుకు పేరు గట్టిగా వినిపించింది జూనియర్ హాకీలో, 2023-24 సీజన్‌లో కెలోనా రాకెట్స్ జట్టుకి కొట్టిన 47 గోల్స్‌తో. ఆ 625నీ ఈ 47నీ పక్కపక్కన పెట్టి అంత సీన్ లేదులే అనేవాళ్లు ఒకవైపు, ఇంటిపేరు చూసి ముందే కిరీటం పెట్టేసేవాళ్లు ఇంకోవైపు. అర్జున్ టెండూల్కర్ విషయంలో మనకి చూసి చూసి అలవాటైన గొడవే ఇది. దేశం మారింది, ఆట మారింది, అంతే.

నిజానికి పోల్చాల్సింది నాన్న ఇరవై ఏళ్ల కెరీర్‌తో కాదు. కొడుకు వయసులో నాన్న ఎక్కడున్నాడు, ఏ జట్టులో ఆడాడు, ఎలాంటి ఆట ఆడాడు అన్నది చూడాలి. అలా చూస్తే లెక్క చాలామంది అనుకున్నట్టు రాదు. పదిహేడో ఏడు నిండేసరికి కొడుకే కొంచెం ముందున్నాడు. పద్దెనిమిదో ఏట నాన్న ఒక్కసారిగా ఎగిరాడు, కొడుకు సరిగ్గా అదే ఏడాదిని ఆపరేషన్ వల్ల పోగొట్టుకున్నాడు.

ఐస్ హాకీ పెద్దగా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాలో 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఆడే పెద్ద జూనియర్ లీగులు మూడున్నాయి. పశ్చిమ కెనడా, దాని పక్కనున్న అమెరికా రాష్ట్రాల జట్లు ఆడేదాన్ని డబ్ల్యూహెచ్‌ఎల్ అంటారు, తండ్రీకొడుకులిద్దరూ అక్కడివాళ్లే. గోల్ కొడితే ఒక పాయింటు, గోల్‌కి పాస్ అందించినా ఒక పాయింటు, అందుకే ఆటగాళ్ల లెక్కలు ఎప్పుడూ గోల్స్, అసిస్టులు, పాయింట్లు అని మూడు గడుల్లో ఉంటాయి. పద్దెనిమిదేళ్లు వచ్చినవాళ్లని ఎన్‌హెచ్‌ఎల్ జట్లు డ్రాఫ్ట్‌లో వరసగా ఎంచుకుంటాయి, ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలన్నది నిబంధన.

ఈ సెప్టెంబర్ 15 అనే గీత మామూలుది కాదు. జెరోమ్ పుట్టింది 1977 జులై 1న, టిజ్ పుట్టింది 2006 ఆగస్టు 4న. అంటే ఇద్దరూ గీతకి కాస్త ఇవతలే పుట్టారు, ఇద్దరూ తమ డ్రాఫ్ట్ బ్యాచ్‌లో చిన్నవాళ్ల కిందే లెక్క. పదిహేడేళ్ల వయసులో పది నెలల తేడా ఒంటి బలంలో, స్కేటింగ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాబట్టి సాధారణంగా తండ్రీకొడుకుల అంకెలు పోల్చేటప్పుడు వయసు సర్దుబాటు చేయాలి. ఇక్కడ ఆ తలనొప్పి లేదు. ఇద్దరి పుట్టినరోజుల మధ్య తేడా నెల పైన మూడు నాలుగు రోజులే, ఏ సీజన్‌కి ఆ సీజన్ నేరుగా పక్కన పెట్టేయొచ్చు. ఇలాంటి జోడీ దొరకడం అరుదు.

ముందు పదహారో ఏడు చూద్దాం. 1993-94లో జెరోమ్ కామ్‌లూప్స్ బ్లేజర్స్ తరఫున 48 మ్యాచులు ఆడి 6 గోల్స్, 23 అసిస్టులు చేశాడు. 2022-23లో టిజ్ సియాటిల్ థండర్‌బర్డ్స్ తరఫున 48 మ్యాచులు ఆడి 6 గోల్స్, 12 అసిస్టులు చేశాడు. అవే 48 మ్యాచులు, అవే 6 గోల్స్! కావాలని రాసినా ఇంత బాగా కుదరదు. దీంట్లో జాతకం ఏమీ లేదు, కారణం మామూలుదే. ఇద్దరూ అప్పటికి లీగులోకెల్లా బలమైన జట్లలో ఉన్నారు. కామ్‌లూప్స్ ఆ ఏడాది మెమోరియల్ కప్ గెలిచింది, అంటే కెనడా జూనియర్ హాకీలో అన్నిటికన్నా పెద్ద కప్పు. సియాటిల్ 2023లో డబ్ల్యూహెచ్‌ఎల్ ఛాంపియన్. అలాంటి జట్లలో పదహారేళ్ల పిల్లాడికి మూడో నాలుగో లైనులో (వంతులవారీగా దిగే ముగ్గురేసి ఫార్వర్డ్‌ల గుంపుల్లో) నాలుగు నిమిషాలు దొరకడమే ఎక్కువ. ఎదుటి జట్టులో ఒకడు తక్కువైనప్పుడు దొరికే పవర్‌ప్లే మీద పెద్దవాళ్లే ఉంటారు.

తేడా మొదలైంది పదిహేడో ఏట. జెరోమ్ 1994-95లో 72 మ్యాచుల్లో 33 గోల్స్, 38 అసిస్టులు, మొత్తం 71 పాయింట్లు. మ్యాచ్‌కి ఒకటి అనుకోండి. టిజ్ 2023-24లో 64 మ్యాచుల్లో 47 గోల్స్, 37 అసిస్టులు, 84 పాయింట్లు. మ్యాచ్‌కి 1.3 పైనే. ముఖ్యంగా గోల్స్ చూడండి: ఎనిమిది మ్యాచులు తక్కువ ఆడి పద్నాలుగు గోల్స్ ఎక్కువ కొట్టాడు. పైగా అంతకుముందు ఏడాది ఆరు కొట్టినవాడు 47కి చేరాడు. ఆ వేసవిలో సియాటిల్ నుంచి కెలోనాకి ట్రేడ్ అవడం అతనికి వరమైంది. కెలోనా అంటే వాళ్లుండే ఊరి పక్కనే, ఆ జట్టులో అతను మొదటి రోజు నుంచీ ముఖ్యమైన ఆటగాడు, పక్కన ఆండ్రూ క్రిస్టల్ లాంటి పాసర్ ఉన్నాడు.

కాబట్టి కొడుకు గొప్పా అంటే, ఒక్క నిమిషం ఆగాలి. నాన్న 71 పాయింట్లు చేసిన జట్టులో డార్సీ టక్కర్, షేన్ డోన్, నాట్ డొమెనికెల్లి ఉన్నారు. ముగ్గురూ తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ ఆడినవాళ్లే. నాలుగేళ్లలో మూడు మెమోరియల్ కప్పులు (1992, 1994, 1995) గెలిచిన జట్టది, దాన్ని మించిన జూనియర్ జట్టు ఉందా అన్నది ఇప్పటికీ వాదనే. అక్కడ జెరోమ్ వంతు వచ్చేవరకు ఆగాల్సి వచ్చింది. టిజ్ వంతు వెంటనే వచ్చింది, కానీ అతని జట్టు ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర్లో టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీల్లో, రెండో రౌండు దాటలేదు. అక్కడ మాత్రం 11 మ్యాచుల్లో 9 గోల్స్, 6 అసిస్టులు చేసి తనవంతు తను చేశాడు. ఇంకో మెలిక కూడా ఉంది. తొంభైల జూనియర్ హాకీలో గోల్‌కీపర్లు ఇప్పటంత పెద్ద ప్యాడ్లతో, ఇప్పటంత శిక్షణతో ఉండేవారు కాదు, గోల్స్ తేలిగ్గానే పడేవి. కాబట్టి అంకెల్ని కాలానికి తగ్గట్టు సర్దితే కొడుకు ఆధిక్యం ఇంకాస్త పెరుగుతుంది, జట్టుకి తగ్గట్టు సర్దితే తగ్గుతుంది. రెండూ చేశాక కూడా డ్రాఫ్ట్ ఏడాదిలో టిజ్ మెరుగ్గా ఆడాడని చెప్పడం అన్యాయమేం కాదు.

డ్రాఫ్ట్ జట్లూ అదే అనుకున్నాయి. 1995లో జెరోమ్ 11వ ఎంపిక, డ్రాఫ్ట్ జరిగింది అతని సొంత ఊరు ఎడ్మంటన్‌లోనే, తీసుకున్నది డల్లాస్ స్టార్స్. అప్పటికి లీగులో 26 జట్లు. 2024 జూన్ 28న లాస్ వేగస్‌లోని స్ఫియర్ అనే హాల్లో టిజ్ 6వ ఎంపిక, 32 జట్ల లీగులో. అతనికి ముందు ఐదో ఎంపికని మాంట్రియల్ తరఫున ప్రకటించింది గాయని సెలీన్ డియాన్, హాలంతా ఇంకా ఆ సందడిలో ఉండగానే యూటా వాళ్లు వచ్చి ఇగిన్లా పేరు చదివారు. అరిజోనా నుంచి సాల్ట్ లేక్ సిటీకి అప్పుడే తరలివచ్చిన ఆ జట్టుకి చరిత్రలో మొట్టమొదటి డ్రాఫ్ట్ ఎంపిక అతనే. 2002లో నాన్న మొదటి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది కూడా సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లోనే. ఫైనల్లో అమెరికా మీద 5-2తో గెలిస్తే అందులో రెండు గోల్స్ జెరోమ్‌వి. శీతాకాల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మొదటి నల్లజాతి పురుషుడు అతను.

జెరోమ్ ఏళ్ల తరబడి ఆడిన జట్టు కాల్గరీ ఫ్లేమ్స్. వాళ్ల అభిమానులకి మాత్రం ఆ రాత్రి కాస్త మంటగానే ఉండి ఉంటుంది. ఫ్లేమ్స్ వంతు 9వది. జెరోమ్ అప్పటికే ఏడాదిగా ఫ్లేమ్స్ జనరల్ మేనేజర్ క్రెయిగ్ కాన్‌రాయ్‌కి సలహాదారు, కాన్‌రాయ్ ఒకప్పుడు అతని లైన్‌మేటే. కథ తొమ్మిదో నంబరు వరకు వస్తే సినిమాలా ఉండేది. రాలేదు.

ఇక పద్దెనిమిదో ఏడు. నాన్న పెద్ద ఆటగాడు కాబోతున్నాడని తెలిసింది ఇక్కడే. 1995-96లో జెరోమ్ 63 మ్యాచుల్లో 63 గోల్స్, 73 అసిస్టులు, 136 పాయింట్లు చేశాడు, లీగులో ఉత్తమ ఆటగాడి అవార్డు అతనిదే. ఆ సీజన్ మధ్యలో రెండు పెద్ద సంగతులు జరిగాయి. డిసెంబర్‌లో డల్లాస్ అతన్ని కాల్గరీకి ఇచ్చేసి బదులుగా జో న్యూవెండైక్‌ని తీసుకుంది. న్యూవెండైక్ అంటే కాల్గరీకి స్టార్, ఎవరో జూనియర్ కుర్రాడి కోసం అతన్ని వదులుకోవడమేంటని ఊరంతా గుర్రుమంది. తర్వాత రెండు మూడు వారాల్లోనే ఆ కుర్రాడు ప్రపంచ జూనియర్ పోటీల్లో కెనడాకి స్వర్ణం తెచ్చిన జట్టులో ఆడి, టోర్నీ మొత్తమ్మీద ఎక్కువ పాయింట్లు, 12, చేసి చూపించాడు. వసంతకాలంలో జూనియర్ సీజన్ అయ్యీ అవ్వగానే ఫ్లేమ్స్ నేరుగా ప్లేఆఫ్స్‌లోకి దించింది: చికాగో మీద రెండు మ్యాచులు, ఒక గోల్, ఒక అసిస్ట్. ఈ ట్రేడ్‌లో డల్లాస్ మోసపోయిందని అనడానికీ లేదు, 1999లో వాళ్లు ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్పు గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు న్యూవెండైకే.

అదే వయసులో టిజ్ 2024-25లో ఆడగలిగింది 21 మ్యాచులే. 14 గోల్స్, 18 అసిస్టులు, అంటే మ్యాచ్‌కి ఒకటిన్నర పాయింట్లు. తర్వాత తుంటికి సర్జరీ, సీజన్ అక్కడితో సరి. నాన్న రేటు 2.16, కొడుకు రేటు 1.52. పోల్చేవాళ్లు చాలామంది ఇక్కడ నిట్టూరుస్తారు. కానీ తుంటి నొప్పితో స్కేటింగ్ చేయడం అంటే ఏంటో ఆలోచించండి. స్కేటర్ అడుగు పుట్టేదే తుంటి దగ్గర, పక్కకి తోసే ప్రతి తోపూ అక్కణ్నించే రావాలి. ఆ 21 మ్యాచులు ఎలాంటి కాళ్లతో ఆడాడన్నది తెలియకుండా ఆ రేటుని పట్టుకుని ఎదుగుదల ఆగిపోయిందనడం తొందరపాటు. అలాగని ఆపరేషన్ లేకపోతే అతనూ 136 చేసేవాడే అనడం ఇంకా పెద్ద తొందరపాటు. 63 మ్యాచుల్లో 63 గోల్స్ అన్నది ఏ కాలంలోనైనా, ఏ జట్టులోనైనా అసాధారణమే. ఈ ఒక్క సీజన్ దగ్గర నాన్నకి సరితూగడానికి కొడుకు చేతిలో ఏమీ లేదు, అంతే.

అంకెల కన్నా పెద్ద తేడా ఆటతీరులో ఉంది, చాలామంది మాట్లాడనిది అదే. జెరోమ్ పవర్ ఫార్వర్డ్. ఆరడుగుల ఒక అంగుళం, 95 కిలోల దాకా బరువు, కుడి వింగ్, కుడిచేతి వాటం షాట్. ఎదుటివాణ్ని బోర్డులకేసి (రింక్ చుట్టూ ఉండే గోడకేసి) అదిమి పక్ లాక్కుని, గోల్ ముందుకి దూసుకెళ్లి, అవసరమైతే గ్లవ్స్ కింద పడేసి ముష్టియుద్ధానికీ దిగే రకం. తప్పులకి శిక్షగా బయట కూర్చున్న పెనాల్టీ నిమిషాలు కెరీర్ మొత్తంలో వెయ్యికి పైగా ఉన్నాయి. 2004 స్టాన్లీ కప్ ఫైనల్ (ఏడు మ్యాచుల దాకా సాగే సిరీస్) మూడో మ్యాచ్‌లో టాంపా బే స్టార్ విన్సెంట్ లెకావలియేతో కొట్లాడాడు. రెండు జట్ల ముఖ్య ఆటగాళ్లు ఫైనల్లో కలబడటం ఇప్పుడైతే ఊహించడమే కష్టం. అదే ఫైనల్ ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో ఒక షిఫ్ట్ (ఒక విడతగా ఐస్ మీద ఆడే సమయం) ఉంది, కాల్గరీ వాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. హెల్మెట్ ఊడిపోయింది, అయినా బెంచికి పోలేదు. ఒకసారి పక్ పోగొట్టుకుంటే మళ్లీ వెంటపడి తెచ్చుకుని, ఊపిరి ఆడని స్థితిలో కూడా గట్టిగా షాట్ కొట్టాడు. గోల్‌కీపర్ ఖబిబులిన్ ఆపాడు కానీ పక్ చేతికి చిక్కలేదు, జట్టు సహచరుడు సప్రికిన్ దాన్ని లోపలికి నెట్టేశాడు. రికార్డు పుస్తకంలో అది జెరోమ్ గోల్ కాదు, కానీ ఆ గోల్ ఎవరిదో అందరికీ తెలుసు. (తర్వాతి రెండు మ్యాచులూ కాల్గరీ ఓడింది, జెరోమ్‌కి స్టాన్లీ కప్ జీవితంలో దక్కలేదు.) 2010 వాంకూవర్ ఒలింపిక్ ఫైనల్లోనూ ఇదే బాపతు. బోర్డుల దగ్గర ఒంటి మీద డిఫెండర్ పడుతుంటే, కింద పడిపోతూ సహచరుడు క్రాస్బీకి పాస్ ఇచ్చాడు, అది స్వర్ణం తెచ్చిన గోల్ అయింది.

టిజ్ ఆ బాపతు కాదు. ఎడమచేతి వాటం షాట్, ఆరడుగులు, నాన్న కన్నా సన్నటి ఒళ్లు, వింగ్‌లోనూ సెంటర్‌లోనూ ఆడగలడు. అతని బలం చేతుల్లో ఉంది. పక్‌ని ఒంటికి దగ్గరగా లాక్కుని, డిఫెండర్ కర్ర అడ్డం పెట్టేలోపే కోణం మార్చి వదిలేస్తాడు. గోల్‌కీపర్‌కి షాట్ వచ్చేది కనబడదు, వచ్చాకే తెలుస్తుంది. నాన్న బలంతో సంపాదించిన జాగాని కొడుకు కనికట్టుతో సంపాదిస్తాడు. తాకిడికి భయపడడు, బోర్డుల దగ్గరికి వెళ్తాడు, కానీ అతని ఆటకి అది ఆధారం కాదు. అందుకే అతన్ని ఇంకో జెరోమ్ అనడం పొగడ్తగా అన్నా తప్పే. నాన్న పోలిక వెతకాలంటే ఒక్క చోటే దొరుకుతుంది: గోల్ కొట్టాలన్న ఆబ, ఇద్దరికీ పాస్ కన్నా ముందు షాట్ కనిపిస్తుంది. 2024 ఏప్రిల్, మే నెలల్లో ఫిన్లాండ్‌లో జరిగిన అండర్-18 ప్రపంచ పోటీల్లో కెనడా స్వర్ణం గెలిచినప్పుడు టిజ్ ఏడు మ్యాచుల్లో 6 గోల్స్, 6 అసిస్టులు చేశాడు. డ్రాఫ్ట్‌కి రెండు నెలల ముందు అతని విలువ పెంచింది అదే.

కాలం కూడా ఇలాంటి కుర్రాళ్లనే కోరుకుంటోంది. జెరోమ్ శిఖరం మీద ఉన్నప్పుడు ఎన్‌హెచ్‌ఎల్‌లో పట్టుకోవడం, వేలాడటం, కర్రతో అడ్డుకోవడం విచ్చలవిడిగా సాగేవి. 2003-04లో రెండు జట్లూ కలిపి మ్యాచ్‌కి ఐదు గోల్స్ చిల్లర పడేవి, 2023-24కి అది ఆరు దాటింది. మీద వేలాడే ఇద్దరిని ఈడ్చుకుంటూ గోల్ కొట్టగల ఒళ్లు ఆ రోజుల్లో బంగారం. 2001-02లో జెరోమ్ 52 గోల్స్ కొడితే లీగు మొత్తంలో 50 దాటినవాడు అతనొక్కడే. 2004-05 లాకౌట్ (యాజమాన్యాలు సీజన్‌ని ఆపేసిన ఏడాది) తర్వాత రిఫరీలు ఆ పట్టుకోవడాల్ని ఈల వేసి ఆపేయడం మొదలుపెట్టాక వేగానికీ చేతి నేర్పుకీ ధర పెరిగింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో తండ్రీకొడుకులు టై డోమి, మాక్స్ డోమి జోడీ దీనికి మంచి ఉదాహరణ. తండ్రి 3,500 పైచిలుకు పెనాల్టీ నిమిషాలతో కొట్లాటలకి పేరుమోసినవాడు, కొడుకు పాసులతో బతికే ఆటగాడు. ఒకే ఇల్లు, రెండు కాలాలు.

వారసత్వం సంగతికొస్తే, రక్తంలో ఉంది అని ఒక్క మాటలో తేల్చేయడం అందరికీ ఇష్టం. ఇగిన్లాల విషయంలో ఆ మాట అసలు నిలబడదు, ఎందుకంటే జెరోమ్ నాన్న ఎల్విస్ నైజీరియా నుంచి వలస వచ్చిన లాయరు, ఆయన పెరిగిన చోట ఐస్ రింకే లేదు. జెరోమ్‌ని సెయింట్ ఆల్బర్ట్‌లో తెల్లారుజామునే ప్రాక్టీసులకి తిప్పినవాళ్లలో అమ్మ తరఫు తాతయ్య, అమ్మమ్మ ముఖ్యులు. మొదట్లో గోల్‌కీపర్‌గా కూడా నిలబడ్డాడు, ఎడ్మంటన్ కీపర్ గ్రాంట్ ఫ్యూర్ అంటే పిచ్చి. ఆ ఇంట్లో హాకీ కెరీర్ ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. టిజ్‌కి తెలిసిన ప్రపంచమే వేరు. ఎన్‌హెచ్‌ఎల్ డ్రెస్సింగ్ రూముల్లో ఆడుకుంటూ పెరిగాడు, కెలోనాలోని హాకీ అకాడెమీలో కోచ్ నాన్నే. అక్క జేడ్ బ్రౌన్ యూనివర్సిటీ జట్టుకి ఆడింది, తమ్ముడి పేరు జో, అతన్ని ఎడ్మంటన్ ఆయిల్ కింగ్స్ జూనియర్ డ్రాఫ్ట్‌లో తీసుకుంది. నాన్న పూర్తి పేరు జెరోమ్ ఆర్థర్-లీ అడెకున్లే టిజ్ జూనియర్ ఎల్విస్ ఇగిన్లా. కొడుకు పేరు కూడా అందులోంచి తీసిందే. కాబట్టి టిజ్‌కి వారసత్వంగా వచ్చింది జన్యువులు ఎంతో తెలీదు కానీ ఐస్ మీద గంటలు, మంచి కోచింగ్, ఏ తప్పు ఎంత ఖరీదో ముందే తెలిసిన మనిషి ఇంట్లో ఉండటం, ఇవి మాత్రం ఖాయం. వీటితో జూనియర్ లీగు దాకా రావచ్చు. 64 మ్యాచుల్లో 47 గోల్స్ మాత్రం ఎవరి పలుకుబడితోనూ రావు, గోల్‌కీపర్‌కి ఇంటిపేరుతో పనేముంది.

పెద్ద ఆటగాళ్ల కొడుకులు నాన్నల్ని దాటిన సందర్భాలు హాకీలో తక్కువేం కాదు. బాబీ హల్ 610 గోల్స్ కొడితే బ్రెట్ హల్ 741 కొట్టాడు. కీత్ కచక్ 538 గోల్స్ కొట్టినా కప్పు అందలేదు, కొడుకు మాథ్యూ ఫ్లోరిడా తరఫున 2024, 2025లో వరసగా రెండుసార్లు ఎత్తాడు. అతనూ 6వ ఎంపికే, తీసుకున్నది కాల్గరీయే. మన హాకీలోనూ ఉంది ఈ ముచ్చట: ధ్యాన్‌చంద్‌కి మూడు ఒలింపిక్ స్వర్ణాలు, ప్రపంచకప్ అనేదే ఆయన కాలంలో లేదు. కొడుకు అశోక్ కుమార్ 1975 ప్రపంచకప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద గెలుపు గోల్ కొట్టాడు. అయితే ఇలాంటి పేర్లు మాత్రమే మనకి గుర్తుంటాయి, నాన్న పేరుతో వచ్చి రెండేళ్లలో కనుమరుగైనవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ, వాళ్ల లిస్టు ఎవరూ రాయరు.

నాన్న లెక్కల్లో అందరూ మర్చిపోయే భాగం ఇంకొకటుంది. పంతొమ్మిదేళ్లకి తొలి పూర్తి సీజన్‌లో 21 గోల్స్, 50 పాయింట్లు చేసి ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జెరోమ్, తర్వాతి ఏడాది 13 గోల్స్ దగ్గరే ఆగిపోయాడు. ఆపైన 28, 29, 31. మంచి ఆటగాడే, కానీ లీగులో అలాంటివాళ్లు బోలెడుమంది. 2001 సెప్టెంబర్‌లో కెనడా ఒలింపిక్ క్యాంపుకి ముందు అతనికి పిలుపే లేదు. ఎవరికో గాయమైతే ఆఖరి నిమిషంలో ఫోన్ చేశారు, తోటి ఆటగాళ్లు ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాడట. ఆ సీజన్‌లోనే 52 గోల్స్, 96 పాయింట్లు, స్కోరింగ్ టైటిల్, ఒలింపిక్ స్వర్ణం. అప్పటికి అతనికి 24 ఏళ్లు. మనందరి బుర్రలో ఉన్న జెరోమ్ ఇగిన్లా అక్కడ మొదలయ్యాడు, అంతకుముందు లేడు.

టిజ్‌కి 24 ఏళ్లు నిండేది 2030 ఆగస్టులో. ఈలోపు చూడాల్సినవి చిన్నవే: సర్జరీ తర్వాత మొదటి మూడు అడుగుల్లో వేగం తిరిగొచ్చిందా, పెద్దవాళ్ల లీగులో గోల్ ముందు జాగా దొరక్కపోతే ఆ షాట్ కోసం ఎక్కడికి వెళ్తున్నాడు, సెంటర్‌గా ఆడిస్తారా వింగ్‌లోనే ఉంచుతారా. మధ్యలో ఎప్పుడో ఒక 13 గోల్స్ సీజన్ వస్తే, నాన్నకీ వచ్చింది కదా అని ఊరుకోవచ్చు. నాన్న 52 పక్కన పెట్టి చూడదగ్గ అంకె అతని 2030-31 సీజన్‌ది.